గట్టు మీద చెప్పులు

లోపల కుర్చీ జరిగిన చప్పుడైతే చాలు, కొడుకును కొడుతున్నారని రావమ్మ గుండె ఆగినంత పనవుతోంది. చప్పుడు లేకపోతే ఇంకా భయం. కొట్టించుకునే ఓపిక కూడా లేక వాడు పడిపోయాడేమోనని.

"టీ తాగుతున్నారమ్మా లోపల," అన్నాడు పక్కన స్టేషన్ బెంచీ మీద కూర్చున్న దుర్గాశంకర్. "గ్లాసుల చప్పుడు వినండి. కొట్టేవాళ్ళు ముందు టీ తాగరు. తర్వాత తాగుతారు."

"అయితే ఇప్పుడిది తర్వాతా బాబూ?"

ఒకప్పుడు దుర్గాశంకర్ సముద్రం ఒడ్డు స్టేషన్లలో ఎస్సైగా చేశాడు. ఉద్యోగం వదిలేసి విజయవాడలో బెంజ్ సర్కిల్ దగ్గర ఒక కళ్ళజోళ్ళ కొట్టు మీద గది తీసుకుని ప్రైవేటు డిటెక్టివ్ బోర్డు పెట్టాడు. పెడనలో రావమ్మ ఎదురింటి వాళ్ళ అమ్మాయికి వచ్చిన సంబంధంలో పెళ్ళికొడుక్కి అంతకుముందే పెళ్ళయిందని బయటపెట్టింది ఈయనే. ఆ ఒక్క సంగతి పట్టుకుని రావమ్మ నిన్న మధ్యాహ్నం బస్సెక్కి వెళ్ళి ఆయన మెట్ల మీద కూర్చుంది. ఇంకెవరిని అడగాలో ఆమెకు తెలియదు.

సిద్ధార్థ ఆమెకు ఒక్కడే కొడుకు. తాత, తండ్రి కూర్చున్న మగ్గం మీద కూర్చోనని చెప్పి పొక్లెయిన్ నడపడం నేర్చుకున్నాడు. బండి బోల్తా పడుతుందని, తొండం కరెంటు తీగకు తగులుతుందని, గట్టు విరిగి మీద పడుతుందని ఆమె రోజూ భయపడేది. ఇన్ని భయాల్లో వాణ్ణి హత్య కేసులో పట్టుకుపోతారన్న భయం మాత్రం ఎప్పుడూ లేదు. సరిగ్గా అదే జరిగింది.

మడ అడవి కాపలాదారు నతానియేలు మంగళవారం పొద్దున ఇంట్లోంచి వెళ్ళినవాడు తిరిగి రాలేదు. గురువారం పొద్దున ఉప్పుటేటి పాయ ఒడ్డున ఒక రొయ్యల చెరువు గట్టు మీద అతని చెప్పులు దొరికాయి. ఆ గట్టు కిందంతా మడచెట్లు పొక్లెయిన్‌తో పెకలించి ఉన్నాయి. బండి కంకిపాడు కాంట్రాక్టరు రామకోటేశ్వరరావుది. మంగళవారం సాయంత్రం ఆ చెరువు దగ్గరికి బండి తీసుకెళ్ళింది సిద్ధార్థేనని ఆయన పోలీసులకు చెప్పాడు. కాపలాదారు అడ్డం వస్తే బకెట్‌తో కొట్టి పాయలోకి తోసేశాడని సీఐ తేజేశ్వర్ కేసు కట్టాడు.

"రమ్మంటున్నారండీ," అని కానిస్టేబుల్ తలుపు దగ్గరికొచ్చి పిలిచాడు.

సీఐ తేజేశ్వర్ బల్ల మీద గ్లాసు పెట్టి నవ్వాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయన దుర్గాశంకర్ దగ్గరే పని నేర్చుకున్నాడు. ఆ సంగతి ఇద్దరూ మర్చిపోలేదు.

"రండి సార్, రండి. ఏదైనా పెళ్ళి సంబంధం ఎంక్వైరీనా? మా కుర్రాడు పెళ్ళికి ఖాళీగా లేడు, రిమాండుకి వెళ్తున్నాడు."

"ఒక్క పది నిమిషాలు మాట్లాడనివ్వు తేజా. తల్లి ఎదురుగానే."

"మాట్లాడండి. మా దగ్గర మాట్లాడలేదు గదా, మీ దగ్గర పాటలు పాడతాడేమో చూద్దాం."

సిద్ధార్థను తీసుకొచ్చి గోడ దగ్గర నిలబెట్టారు. దెబ్బలు కనిపించలేదు. అయినా రావమ్మ కళ్ళతోనే వాణ్ణి తల నుంచి కాళ్ళ దాకా తడిమి చూసుకుంది. వాడి కళ్ళింకా ఎర్రగానే ఉన్నాయి. రెప్పలు వాచి, చూపు ఎక్కడా నిలవడం లేదు.

"మంగళవారం ఎక్కడున్నావు?" అన్నాడు దుర్గాశంకర్.

"ఇంట్లోనండి."

"రోజంతానా?"

"రోజంతా."

అబద్ధం పట్టుకుంటే ఇంకా కొడతారని రావమ్మ మధ్యలో అందుకుంది. "అదేంట్రా నాన్నా, పొద్దున్నే పనికెళ్ళావు గదా. మధ్యాహ్నం అన్నాల వేళకి ఆటోలో తెచ్చి దింపారు. సాయంత్రం మాత్రం ఇంట్లోనే ఉన్నాడండి, మంచం దిగలేదు. సాయంత్రమేగా మీరనేది? ఆ రోజు వీడికి కళ్ళకలకండీ. రెండు కళ్ళూ మూసుకుపోయి, చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా నడిపించుకొచ్చారు. ఇంక చెరువు దగ్గర బండి ఎట్లా నడుపుతాడు?"

"ఈ మాట మాకూ చెప్పిందిలెండి ఆవిడ," అన్నాడు తేజేశ్వర్. "రాసుకున్నాం, సంతకం పెట్టించుకున్నాం. కన్నతల్లి సాక్ష్యం ఏ కోర్టులో నిలుస్తుందో మీకూ తెలుసు."

"నా ఒక్కదాని సాక్ష్యం కాదండీ! పక్కింటి శ్రీదుర్గ బాలింతరాలు. గిన్నెలో చనుబాలు పిండించుకొచ్చి నేనే వీడి కళ్ళలో వేశాను. ఆ పిల్లనడగండి, సందులో అందర్నీ అడగండి."

దుర్గాశంకర్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "మర్నాడు పొద్దున రెప్పలు అతుక్కుపోయాయా అమ్మా? పుసులు కట్టాయా?"

"లేదండి. నీళ్ళు, మంట. కారం పడ్డట్టు ఒకటే మంట."

"మీకు అంటుకోలేదా?"

"రాత్రంతా తల ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాను. నాకు రాలేదు, శ్రీదుర్గకీ రాలేదు. అమ్మవారి దయ."

"చేతుల మీద?"

"దద్దుర్లొచ్చాయండి, చింతపండు పులుసు రాశాను."

"ఆ రోజు వేసుకున్న చొక్కా?"

"దాని మీదంతా ఏదో జిగురండి. ఎంత బాదినా..."

"అమ్మా! ఇంక ఊరుకోవే!" సిద్ధార్థ అరిచాడు. వచ్చినప్పటి నుంచి వాడు గొంతెత్తింది అదొక్కసారే.

అమ్మ పదిమందిలో తన ఒంటి సంగతులు చెబుతోందని సిగ్గుపడ్డాడనుకుంది రావమ్మ. దుర్గాశంకర్ మాత్రం ఆ తర్వాత ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. లేచి, సిద్ధార్థ ముంజేతిని ఒకసారి వెలుతురులోకి తిప్పి చూసి, వదిలేశాడు.

"ఏంటి సార్, కళ్ళజోళ్ళ కొట్టు మీద ఉండి ఉండి కళ్ళ డాక్టరైపోయారా?" అన్నాడు తేజేశ్వర్.

"చెప్పులు దొరికిన చోటు చూడాలి."

"చూడండి. నేనూ వస్తాను. మా గజ ఈతగాళ్ళు అక్కడే ఉన్నారు, శవం తేలే వేళైంది."

శవం అన్న మాట వినగానే రావమ్మ గుమ్మం పట్టుకుంది. తన కొడుకు సంగతి తప్ప ఆమెకు ఇప్పటి దాకా ఇంకొకటి తోచలేదు. ఆ చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని తిరిగిన మనిషి ఒకడున్నాడని ఇప్పుడే తెలిసినట్టయింది.

గట్టు దగ్గరికి చేరేసరికి పొద్దు వాలుతోంది. పాయలో ఇద్దరు మనుషులు గొలుసుకొక్కేలతో అడుగు దేవుతున్నారు. గట్టు కింద ఒక ఆడమనిషి మోకాళ్ళ చుట్టూ చేతులు చుట్టుకుని, కొక్కెం పైకి వచ్చినప్పుడల్లా కళ్ళు మూసుకుంటోంది. అడక్కుండానే తెలిసింది రావమ్మకు. నతానియేలు భార్య అమలమ్మ. రావమ్మ ఆమెకు కనిపించకుండా దుర్గాశంకర్ వెనక్కి తప్పుకుంది.

దుర్గాశంకర్ బూట్లు విప్పి ప్యాంటు మడిచి బురదలోకి దిగాడు. పెకలించిన చెట్ల మోళ్ళు ఒక్కొక్కటే చూస్తూ, బెరడు గీరి, వాసన చూస్తూ వెళ్ళాడు. చెట్ల చుట్టూ నేలలోంచి పెన్సిళ్ళలా పైకి పొడుచుకొచ్చిన ఊపిరి వేళ్ళ మీద చెరువు మట్టి పోసేశారు. మట్టి పడని చోట ఇంకా వరుసగా నాలుగైదు చెట్లు బతికున్నాయి.

"అన్నీ మడే," అన్నాడు తనలో తాను అనుకున్నట్టు. "ఒక్క పొన్న లేదు, ఒక్క తిల్ల లేదు. ఇంకే రకమూ లేదు." అది మంచి మాటో చెడ్డ మాటో రావమ్మకు తెలియలేదు. ఆయన మొహంలో మాత్రం సంతోషం లేదు.

తర్వాత గట్టెక్కాడు. "తేజా, చెప్పులు దొరికినప్పుడు తీసిన ఫోటో ఉందా?"

తేజేశ్వర్ ఫోన్ చూపించాడు. రావమ్మ కూడా తొంగి చూసింది. గట్టు అంచు నుంచి ఒక పెద్ద మట్టిపెళ్ళ కిందికి జారి మెట్టులా నిలిచి ఉంది. దాని మీద రెండు రబ్బరు చెప్పులు పక్కపక్కన, గుడి బయట విడిచినట్టు ఉన్నాయి.

"ఈ పెళ్ళ ఎప్పుడు జారింది?"

"ఎప్పుడు జారితే ఏం సార్? గట్టన్నాక జారుతుంది."

"అన్ని గట్లూ జారవు. అటు చూడు." దుర్గాశంకర్ బతికున్న చెట్ల వైపు చెయ్యి చూపించాడు. అక్కడ ఒడ్డు గోడ కట్టినట్టు నిలబడి ఉంది. వేళ్ళు జల్లెడలా అల్లుకుని మట్టిని పట్టుకున్నాయి. చెట్లు తీసేసిన ఇటువైపు మాత్రం పాయ గట్టును కొరుక్కుతిన్నట్టు నోళ్ళు నోళ్ళుగా విరిగి ఉంది. "చెట్టు ఉన్నంతకాలం ఈ గట్టుకి ఏమీ కాలేదు. చెట్టు పీకేశాక నీళ్ళు తగిలిన ప్రతిసారీ విరుగుతోంది. ఈ పెళ్ళ విరిగిన చోట చూడు, తెగిన గడ్డివేళ్ళు ఇంకా తెల్లగానే ఉన్నాయి. బుధవారం రాత్రి వాన పడింది. ఆ వానకి నాని జారింది ఇది. అంటే మంగళవారం నాటికి ఈ మెట్టు లేదు."

"పైన విడిచిన చెప్పులు మట్టితో పాటే కిందికి వచ్చి ఉంటాయి."

"అంత వానలో అంత మట్టి జారితే చెప్పులు ఇట్లా జంటగా దిగుతాయా? వాటి మీద వాన చినుకు చిందించిన మట్టి ఒక్క చుక్క లేదు. ఇవి వాన వెలిశాక ఎవరో తెచ్చి పెట్టినవి. నీ ముద్దాయి గురువారం పొద్దెక్కాక నీ వాళ్ళు పట్టుకెళ్ళేదాకా పెడనలో మంచం మీద ఉన్నాడు. అది సందంతా చెబుతుంది."

తేజేశ్వర్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"పెళ్ళి సంబంధాలు చూసుకునే మీకు ఇవన్నీ ఎందుకు సార్?"

"సంబంధాలు కుదిర్చేవాళ్ళు అబద్ధాన్ని ఇంతకంటే శుభ్రంగా అల్లుతారు తేజా. అందుకే తేడా తెలుస్తోంది."

"సరే, ఇక్కడ జరగలేదంటారు. మరి ఎక్కడ జరిగింది? చెప్పండి, అక్కడే వెతికిస్తాను."

రావమ్మకు కొడుకు ఇంటికొచ్చేసినట్టే అనిపించింది. ఇంక ఈయన ఆ రెండో మాట కూడా చెప్పేస్తే సరి.

దుర్గాశంకర్ చెప్పలేదు. "కాసేపాగు," అని, రావమ్మను గట్టు చివరికి రమ్మన్నాడు.

"అమ్మా, మీరు నన్ను పెట్టుకున్నారు. అందుకని ముందు మీకే చెబుతున్నాను. మీవాడికి వచ్చింది కళ్ళకలక కాదు."

"మరి?"

"కలకైతే పుసులు కట్టేది, ఈపాటికి మీ ఇంట్లో అందరికీ అంటుకునేది. అది తిల్ల చెట్టు పాలు. కొమ్మ విరిగితే తెల్లగా కారుతుంది. కంట్లో పడితే చూపు పోతుంది, కొందరికి కొన్నాళ్ళకి తిరిగొస్తుంది. ఒంటి మీద పడితే దద్దుర్లు. బట్ట మీద పడితే ఆ జిగురు పోదు. ఒడ్డునుండే వాళ్ళెవరైనా చూడగానే చెబుతారు. మగ్గం గుంటలో కూర్చునే మీకు ఎట్లా తెలుస్తుంది?"

రావమ్మకు ఇంకా అర్థం కాలేదు. అర్థం కాకూడదని లోపల ఏదో గింజుకుంటోంది.

"తిల్ల ఇక్కడ లేదు. ఉప్పునీళ్ళు రోజూ తగిలే ఒడ్డున మడ ఉంటుంది. తిల్ల ఎప్పుడో పెద్దపోటుకి మాత్రమే తడిసే మెరక నేల మీద పెరుగుతుంది. అదిగో, పాయకి అవతల. నతానియేలు కాపలా కాసేది అక్కడే. మంగళవారం పొద్దున మీవాడు అక్కడ తిల్ల చెట్లు కూలుస్తున్నాడు. అద్దం లేని క్యాబిన్‌లో కూర్చుని ఉంటాడు, మీద పడింది. నతానియేలు మాయమైంది కూడా ఆ పొద్దునే."

రావమ్మ మెల్లగా మట్టిలో కూర్చుండిపోయింది. చనుబాల గిన్నె, చింతపండు పులుసు, చొక్కా జిగురు... ఎవరూ అడక్కపోయినా వెంటపడి మరీ అందరికీ చెప్పింది. స్టేషన్‌లో చెప్పింది, టీవీ వాళ్ళకి చెప్పింది, సంతకం పెట్టి మరీ చెప్పింది. కొడుకు నోరు మూసుకుని కాపాడుకుంటున్నదాన్ని తల్లే తీసుకెళ్ళి అప్పజెప్పింది.

"వాడు చంపాడంటారా బాబూ?"

"తెలియదు. వాడికీ తెలియదేమో. కళ్ళు మూసుకుపోయాక చేతికింద బండి ఏం చేసిందో, ఎవరి అరుపు విన్నాడో. అందుకే మాట్లాడ్డం లేదనుకుంటున్నాను."

"మీరు చెప్పకపోతే?"

"చెప్పనంటే చెప్పను. ఈ గట్టు కేసు ఎట్లాగూ నిలవదు, వాడు రేపో ఎల్లుండో బయటికొస్తాడు. తేజేశ్వర్‌కి తిల్ల సంగతి తోచలేదు. తోచదు కూడా." ఆయన పాయ వైపు చూశాడు. "కానీ ఆ చెట్టు కూలినప్పుడు దాని కింద నిలబడి అడ్డుపడ్డవాడి కళ్ళలో కూడా ఆ పాలు పడే ఉంటాయి. వాణ్ణి ఆటోలో ఇంటికి దింపినవాళ్ళు లేరు. కళ్ళు కనపడక ఆ వేళ్ళలో, ఆ బురదలో పడి ఉన్నాడేమో. బుధవారం వాన పడింది, తాగడానికి ఆ నీళ్ళయినా దొరికుంటాయి. బతికుండొచ్చు. ఈ రాత్రి పౌర్ణమి పోటు. మెరక నేల తడిసేది ఇట్లాంటి పోటుకే."

నీళ్ళు అప్పటికే ఎక్కడం మొదలుపెట్టాయి. రావమ్మ చూస్తుండగానే ఊపిరి వేళ్ళ కొనలు ఒక్కొక్కటే మునుగుతున్నాయి.

చెబితే తన బిడ్డ. చెప్పకపోతే ఎవరో ఒకడు. ఆ ఎవరో ఒకడు ఈపాటికి చచ్చే ఉంటాడని మనసు గట్టిగా చెప్పుకుంది. చచ్చినవాడికి పోటొస్తే ఏం, పాటొస్తే ఏం? జీవితంలో మొదటిసారి ఆమె చెడు జరిగిపోయి ఉండాలని కోరుకుంది.

వెనకాల బురదలో అడుగుల చప్పుడైంది. అమలమ్మ వచ్చి ఎదురుగా నిలబడింది.

"నువ్వేగా ఆ డ్రైవర్ తల్లివి? టీవీలో చూశానక్కా."

తిడుతుంది, జుట్టు పట్టుకుంటుంది అనుకుంది రావమ్మ. పట్టుకుంటే బాగుండుననిపించింది.

"మీవాడికి కళ్ళెలా ఉన్నాయి ఇప్పుడు?" అంది అమలమ్మ. "మా ఆయనకీ ఒకసారి అట్టాగే కలకొచ్చి నెల్లాళ్ళు నరకం చూశాడు. కుర్రాడు. లోపల చల్లటి నీళ్ళన్నా ఇస్తన్నారో లేదో."

రావమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుంది. మాట బయటికి వస్తుందనుకోలేదు. వచ్చింది. "కలక కాదమ్మా. తిల్ల పాలంట. మావాడు మంగళవారం పొద్దున అవతల ఉన్నాడంట. మీ ఆయన కూడా అక్కడే ఉండి ఉంటాడు. ఇక్కడ కాదు, అక్కడ వెతకమను. తొందరగా వెతకమను."

అమలమ్మ చేతులు విడిపించుకోలేదు. ఆమె మొహంలోంచి నెత్తురు దిగిపోవడం మాత్రం రావమ్మకు కనిపించింది. "తిల్లలోకా? ఆ తిల్ల దగ్గరకా వెళ్ళాడు?" అంటూనే గిరుక్కున తిరిగి, "సీఐ గారో! ఇటు రండి! అవతల ఉన్నాడంట మా ఆయన, ఇక్కడ కాదంట!" అని కేకలు పెట్టింది.

తేజేశ్వర్ వచ్చాడు. రావమ్మ చెప్పిందంతా విన్నాడు, మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. వింటూ ఫోన్‌లో రికార్డు చేసుకున్నాడు. ఆమె మాటలు పూర్తయ్యేసరికి ఆయన ముఖం విప్పారింది.

"చూశారా శంకర్ గారూ. మీ క్లయింటే మాకు కేసు కట్టి ఇచ్చింది. మంగళవారం పొద్దున అదే చోట ముద్దాయి ఉన్నాడని కన్నతల్లే ఒప్పుకుంది. చెప్పులు ఎవరు పెట్టారో తర్వాత తేలుస్తాం."

"కేసు తర్వాత. ముందు బోటు పంపు."

"ఫారెస్టు వాళ్ళని అడగాలి. వాళ్ళ బోటు ఇంజను విప్పి బాగు చేయిస్తున్నారు. పౌర్ణమి పోటులో రాత్రిపూట నా వాళ్ళని ఆ వేళ్ళలోకి పంపి ఇంకో శవం కోసం నేను వెతకలేను సార్. తెల్లారనివ్వండి."

"తెల్లారేలోపు పడున్న మనిషి మునిగేంత నీళ్ళొస్తాయి అక్కడ, తేజా!"

"మూడు రోజులైంది. ఇంక ఉన్నాడని మీకు నమ్మకమా?"

రావమ్మ కింద కూర్చుని సీఐ కాళ్ళు పట్టుకోబోయింది. "మా వాడిని ఏమైనా చేసుకోండి బాబూ, ముందు ఆయన్ని తీసుకురండి. ఆయన వచ్చి మావాడిదే తప్పని చెప్పినా సరే." తేజేశ్వర్ ఆమెను లేపి, మర్యాదగానే పక్కకు జరిపి, జీపెక్కాడు. గజ ఈతగాళ్ళు కూడా కొక్కేలు చుట్టుకుని వెనకాల ఎక్కేశారు. స్టేషన్‌లో సిద్ధార్థకు ఈ మాట చెప్పి, ఇంక నోరు విప్పించడానికే వెళ్తున్నారు. ఆమె ఇప్పుడు ఏం చేసినా వాడి దగ్గరికి వాళ్ళకంటే ముందు చేరలేదు.

గట్టు మీద ముగ్గురూ మిగిలారు. పాయ మీద చంద్రుడు ఇంకా రాలేదు కానీ తూర్పు తెల్లబడుతోంది. ఒడ్డున తాడేసి కట్టిన చిన్న తెప్ప ఒకటి కనిపిస్తే దుర్గాశంకర్ దాన్ని నీళ్ళలోకి లాగడం మొదలుపెట్టాడు.

"దీంట్లో ఇద్దరే పడతారు," అన్నాడు.

"నేనొస్తా. ఈత వచ్చు నాకు," అంది అమలమ్మ.

అప్పుడు వినిపించింది. పాయకి అవతల నుంచి, చీకటి కమ్ముకుంటున్న తిల్ల చెట్ల లోపల నుంచి, ఇంజను మొరాయించి మొరాయించి అందుకున్న చప్పుడు. ఆ చప్పుడు రావమ్మకు కొత్త కాదు. కొడుకు ఫోన్‌లో మాట్లాడినప్పుడల్లా వెనకాల వినిపించేదే. పొక్లెయిన్.

"ఈ వేళప్పుడు పనేంటి అక్కడ?" అంది అమలమ్మ.

దుర్గాశంకర్ తెప్పను వదిలి నిలబడిపోయాడు. "చెప్పులు ఇక్కడికి తెచ్చి పెట్టినవాళ్ళు, ఆ కాంట్రాక్టరు మనుషులే అయ్యుండాలి, అక్కడి నేల చదును చేసేస్తున్నారు. పోటు వచ్చేలోపు. తెల్లారి ఎవరెళ్ళి చూసినా ఏమీ ఉండకూడదని."

చెట్టు విరిగిన చప్పుడు వినిపించింది. కొంగలు గుంపుగా లేచి ఆకాశంలో చెల్లాచెదురయ్యాయి. మళ్ళీ ఇంకో చెట్టు. రావమ్మ రెండు చెవులూ మూసుకుంది, మళ్ళీ తెరిచింది.

ఉన్నట్టుండి ఇంజను ఆగింది.

ఆ నిశ్శబ్దంలో అమలమ్మ నడుము లోతు నీళ్ళలోకి దిగిపోయి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని గుండెలు పగిలేలా పిలిచింది. "ఏవయ్యో! నతానియేలూ!"

"పిలవకండి!" అంటూ దుర్గాశంకర్ ఆమె వైపు దూకాడు. అప్పటికే ఆలస్యమైపోయింది.

అవతల నుంచి జవాబు వచ్చింది. మాట కాదు. ఎండిపోయిన గొంతులోంచి వచ్చిన పొడుగాటి మూలుగు, మధ్యలో తెగి, మళ్ళీ వచ్చింది. "అమలా..." అన్నట్టే ఉంది.

"ఉన్నాడు! నా సామీ, ఉన్నాడు!" అమలమ్మ నీళ్ళలోనే ఏడుస్తూ నవ్వింది. రావమ్మ కూడా తనకు తెలియకుండానే చేతులు జోడించింది.

దుర్గాశంకర్ మాత్రం అవతలి ఒడ్డునే చూస్తున్నాడు.

ఇంజను మళ్ళీ అందుకుంది. ఈసారి చెట్లు విరిగిన చప్పుడు లేదు. బండి చక్రాల గొలుసుల చప్పుడు మెల్లమెల్లగా, దారి వెతుక్కుంటున్నట్టు, ఆ గొంతు వినిపించిన వైపుకి కదులుతోంది.